కప్పు లేచిపోయింది... కాగితం ఎక్కడుంది?

గాలివాన వెలిసిన పొద్దున శ్రీకాళహస్తిలో వీధి వీధంతా పైకే చూస్తుంది. ఎవరి మిద్దె మీద నీళ్ల ట్యాంకు దొర్లింది, ఎవరి పెంకులు జారాయి, ఎవరి రేకు ఎగిరి ఎవరి దొడ్లో పడింది... కాఫీ తాగేలోపే లెక్కంతా తేలిపోతుంది. ఆపైన ఫోన్లు మొదలవుతాయి. మొదటి ఫోను బేల్దారి మేస్త్రీకి, రెండోది వీఆర్వోకి. ‘సార్, మా ఇంటి కప్పు పోయింది, రాసుకోండి’ అని చెప్పి, ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తారు.

మూడో ఫోను చేయాల్సిన ఇళ్లు కూడా ఆ వీధిలో ఉంటాయి. బ్యాంకు అప్పుతో కట్టుకున్న ఇళ్లు అవి. లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు ఇంటికి బీమా చేయించి ఉంటుంది. ప్రీమియం కట్టింది ఇంటి యజమానే. పాలసీ కాగితం మాత్రం లోను ఫైల్లో, బ్యాంకు బీరువాలో ఉండిపోతుంది. ఏళ్ల తరబడి డబ్బు కట్టి, తీరా కప్పు లేచిపోయిన రోజున ఆ సంగతే గుర్తులేక, సొంత సొమ్ముతో రేకులు కొనుక్కునే కుటుంబాలు ఉన్నాయి. ఈ కథనం ముందుగా వాళ్ల కోసం. ఇంకా పాలసీ తీసుకోనివాళ్ల కోసం కూడా.

మన దగ్గర బీమా అంటే ఎల్‌ఐసీ, లేకపోతే వేరుశనగ పంట బీమా. బీమా లేని బండిని చట్టం ఒప్పుకోదు కాబట్టి దానికి చేయిస్తాం. జీవితంలో అన్నిటికంటే ఎక్కువ ఖర్చుపెట్టి కట్టుకునే ఇంటికి మాత్రం ‘ఏమవుతుందిలే, గోడలు గట్టివి’ అని వదిలేస్తాం. గోడల సంగతి నిజమే కావచ్చు. తుపాను గాలి ముందు పట్టుకునేది గోడను కాదు, కప్పును.

తీరం దూరమే, తుపాను కాదు

శ్రీకాళహస్తి సముద్రపు ఒడ్డున లేదు. అయినా బంగాళాఖాతంలో పుట్టినదేదైనా దక్షిణ కోస్తా వైపో, చెన్నై వైపో తిరిగిందంటే ఇక్కడ నిద్ర ఉండదు. 2016 డిసెంబరు 12న వర్దా చెన్నై దగ్గర తీరం దాటింది. 2020 నవంబరు 25 రాత్రి నివర్ పుదుచ్చేరి దగ్గర దాటింది. 2022 డిసెంబరు 9 రాత్రి మాండూస్ మామల్లపురం దగ్గర, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటాయి. వీటిలో ఒక్కటి కూడా మన తిరుపతి జిల్లాలో తీరం దాటలేదు. వాన మాత్రం ఇక్కడా కుమ్మరించింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకతోనే కనిపించే స్వర్ణముఖి నిండుగా పారేది ఇలాంటప్పుడే.

2021 నవంబరును తిరుపతి వాసులు మరచిపోలేరు. ఆ నెల 19న చెన్నై దగ్గర తీరం దాటింది తుపాను కూడా కాదు, వాయుగుండం. దానికి పేరు లేదు. అయినా తిరుపతి వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయింది, ఇళ్లు కూలాయి.

బీమా విషయంలో ఇది తెలిసి ఉండటం చాలా అవసరం. ‘తుపానుకు పేరు పెడితేనే డబ్బులిస్తారట’ అనే మాట ఊళ్లలో వినబడుతుంది. అది నిజం కాదు. గాలి గంటకు 62 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటే వాతావరణ శాఖ దాన్ని తుపాను అంటుంది, అంతకంటే తక్కువైతే వాయుగుండం అంటుంది. పాలసీకి ఆ తేడాతో పనిలేదు. ఇప్పుడున్న ప్రామాణిక ఇంటి బీమా పాలసీలో తుపానుతో పాటు గాలివాన, సుడిగాలి, వరద, ముంపు, పిడుగు, కొండచరియలు విరిగిపడటం అన్నీ ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయలు రాల్చే ఈదురుగాలికి మీ షెడ్డు రేకులు లేచిపోయినా, పక్కనున్న చెట్టు విరిగి పెంకుల మీద పడినా క్లెయిము చేసుకోవచ్చు.

పాలసీలో ఏముంది?

2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలోని సాధారణ బీమా కంపెనీలన్నీ ఇళ్లకు ఒకే రకమైన ప్రామాణిక పాలసీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. దాని పేరు ‘భారత్ గృహ రక్ష’. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మూల షరతులు ఒకటే. ఈ ఒక్క మార్పుతో సామాన్యుడికి ఎంతో మేలు జరిగింది. ఆ మేలు గురించి చెప్పినవాళ్లే తక్కువ.

ముందు విలువ లెక్క చూద్దాం. ఇంటిని ఎంతకు బీమా చేయాలి? గుడికి దగ్గరగా ఇల్లున్నవాళ్లు స్థలం ధరతో కలిపి కోటి అంటారు. స్థలాన్ని ఏ తుపానూ ఎత్తుకుపోదు కాబట్టి దానికి బీమా ఉండదు. ఈ రోజు ఆ ఇంటిని మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో అదే విలువ. కార్పెట్ ఏరియా వెయ్యి చదరపు అడుగులు, కట్టుబడి అడుగుకు రెండు వేలు అనుకుంటే 20 లక్షలు. ఇంటికి ఇలా బీమా చేస్తే లోపలి సామానుకు వేరే జాబితా రాసివ్వకుండానే ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రక్షణ దానంతటదే వస్తుంది. మన లెక్కలో అది 4 లక్షలు. ఊడిన కప్పు నుంచి పడ్డ వానకు తడిసిన పరుపులు, టీవీ, ఫ్రిజ్ ఇందులోకి వస్తాయి.

విలువ తక్కువ రాయించినవాళ్లకు పాత పాలసీల్లో పెద్ద దెబ్బ తగిలేది. 20 లక్షల ఇంటిని పదికే బీమా చేసి ఉంటే, లక్ష నష్టానికి యాభై వేలే చేతికొచ్చేవి. ‘సగమే బీమా చేశావు, సగమే ఇస్తాం’ అనేవాళ్లు. గృహ రక్షలో ఆ కోత లేదు. బీమా మొత్తం దాటనంతవరకు నష్టం ఎంతైతే అంతే ఇవ్వాలి. పాలసీ పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. అలా తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతటదే పెరుగుతుంది. సిమెంటు, కూలీ ధరలు పెరిగే మన కాలానికి ఇది అవసరం.

కప్పు అంటే స్లాబు ఒక్కటే కాదు. వరండా, కాంపౌండు గోడ, గేటు, బిగించిన నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు కూడా ‘ఇల్లు’ అనే లెక్కలోకే వస్తాయి. మిద్దె మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. పాలసీ తీసుకున్నాక మిద్దె మీద రేకుల గది వేసుకుంటే మాత్రం కంపెనీకి రాసి తెలపండి. వాళ్ల కాగితంలో లేని గదికి వాళ్ల చేత డబ్బు కట్టించడం కష్టం.

ఇక కొట్టాలు. తాటాకు, గడ్డి, వెదురు, టార్పాలిన్, చెక్క పలకలతో కప్పో గోడలో ఉన్నవాటిని బీమా భాషలో కచ్చా కట్టడం అంటారు. గృహ రక్ష వాటికి కాదు. గాలికి అందరికంటే ముందు కప్పు పోయేది ఆ ఇళ్లకే. బీమా చేరనిదీ ఆ ఇళ్లకే. వాళ్లకు దిక్కు ప్రభుత్వ సాయం. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం కొలతల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే లక్షా 20 వేలు, గుడిసె పోతే 8 వేలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4 వేలు. నాలుగు సిమెంటు రేకులు, కొక్కేలు, ఎత్తించే కూలీ లెక్కేస్తే ఆ 6,500లో ఎంత మిగులుతుందో ఇల్లు కట్టినవాళ్లకు తెలుసు. అందుకే, బీమా చేయించుకోగల స్థితిలో ఉన్నవాళ్లు వీఆర్వో లెక్కల మీదే ఆశ పెట్టుకుని కూర్చోకూడదు.

‘లోను ఇన్సూరెన్స్’ చేసే మోసం

ఇక్కడ చాలామంది పొరబడతారు. లోను తీసుకునే రోజు బ్యాంకులో ఒక సంతకం ఎక్కువ పెట్టించి, ‘ఇది ఇన్సూరెన్స్ సార్’ అంటారు. ఇల్లు కట్టుకున్నాయన తన ఇంటికి బీమా అయిందని నమ్మి వచ్చేస్తాడు. చాలాసార్లు అది అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసిన బీమా. ఆయన పోతే బాకీ తీరుతుంది. ఆయన బతికుండి కప్పు పోతే అందులో రూపాయి రాదు. రెండూ అవసరమైనవే, రెండూ వేరు. మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోవడానికి బ్యాంకుకు వెళ్లి పాలసీ నకలు అడగాలి. ఇవ్వడం వాళ్ల బాధ్యత. అందులో మీ ఇంటి చిరునామా సరిగ్గా ఉందా, బీమా మొత్తం ఎంత, గడువు ఎప్పటిదాకా, ఈ మూడూ చూడండి. మొదటి ఏడాదికి చేయించి, తర్వాత పునరుద్ధరించక వదిలేసిన పాలసీలు ఆ ఫైళ్లలో ఉంటాయి.

లోను తీరకుండానే క్లెయిము వస్తే డబ్బు ముందు బ్యాంకు చేతికి వెళ్లవచ్చు. పాలసీలో బ్యాంకు పేరు రాసి, ఆ షరతు పెడతారు. ఆ సొమ్ము మరమ్మతుకు వాడుకునేలా బ్యాంకుతో ముందే మాట్లాడుకోవాలి, ఆ మాట కాగితం మీద ఉండాలి.

పాత పగులా, కొత్త దెబ్బా?

కప్పు క్లెయిముల్లో గొడవంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. తుపాను తెచ్చిన నష్టానికి బీమా ఉంది. ఏళ్లుగా పట్టించుకోని కప్పు మెల్లగా ఉరుస్తూ పాడైతే దానికి లేదు. అరుగుదల, తుప్పు, చెద, నిర్వహణ లోపం ఇవేవీ బీమా కిందికి రావు. కానీ వాన వచ్చిన రాత్రి రెండూ ఒకే గదిలో, ఒకే గోడ మీద మరకగా కనిపిస్తాయి.

శ్రీకాళహస్తి వాసులకు ఈ ప్రశ్న ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఇక్కడి ఆలయ రాజగోపురం 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. అంతకు ఆరు రోజుల ముందు, మే 20న, లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అయినా ఆ గోపురం పగుళ్లు లైలాతో పుట్టినవి కావు. అంతకుముందే ఉన్నాయి, ఆఖరి రోజుల్లో పెద్దవయ్యాయి. అవి కనబడబట్టే చుట్టుపక్కల జనాన్ని ముందుగా ఖాళీ చేయించారు, మనుషుల ప్రాణాలు దక్కాయి. మళ్లీ కట్టిన గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. ఐదు వందల ఏళ్ల కట్టడం గురించి ఊరంతా వేసుకున్న ప్రశ్ననే, మీ మిద్దె మీద నిలబడి బీమా సర్వేయరు వేస్తాడు. ఈ పగులు ఎప్పటిది?

దానికి జవాబు తుపాను తర్వాత వెతికితే దొరకదు. తుపానుకు ముందే దాచిపెట్టుకోవాలి. ఏటా సెప్టెంబరులో, ఈశాన్య రుతుపవనాలు రాకముందు, మేస్త్రీని పైకి ఎక్కించండి. వాననీటి గొట్టాల నోళ్లలోని ఆకులు తీయించండి, పిట్టగోడ అంచుల్లో నెర్రెలు పూయించండి, రేకులైతే కొక్కేలు, బోల్టులు బిగించండి. ఆ పని చేసినందుకు చిన్న రసీదైనా రాయించుకోండి. ఆపైన కప్పును నాలుగు వైపుల నుంచి ఫోనుతో ఫొటోలు తీయండి. లోపలి స్లాబు అడుగుభాగం కూడా తీయండి. ఫోను ఆ ఫొటోకు తేదీ తానే రాసుకుంటుంది. వాటిని ఇంట్లో మరొకరి ఫోనుకూ పంపండి. సర్వేయరు ‘ఇది పాత ఉరుపే కదా’ అన్నప్పుడు చూపించడానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు. నిజం చెప్పాలంటే కప్పు క్లెయిము సగం ఆ సెప్టెంబరు పొద్దునే గెలుస్తాం.

రేకుల కప్పు ఎలా లేస్తుందో కూడా కొంచెం తెలిసి ఉండాలి. గాలి కప్పును పైనుంచి అణచదు. కప్పు మీదుగా వేగంగా జారిపోతూ దాన్ని పైకి లాగుతుంది. అంచుల్లో, మూలల్లో ఆ లాగుడు మరీ ఎక్కువ. ఒక పక్క గోడ లేని షెడ్డయితే లోపల దూరిన గాలి కింది నుంచి నెడుతుంది. అందుకే ముందు పోయేది మూల రేకు. దాని వెనక వరుసంతా పోతుంది. విరిగిన బోల్టు, వంగిన కొక్కెం, రంధ్రం దగ్గర చీలిన రేకు, ఇవన్నీ గాలి దెబ్బకు గుర్తులు. తుప్పు పట్టి చిల్లులు పడిన రేకు కథ వేరు. సర్వేయర్లు ఇవే చూస్తారు. కాబట్టి ఎగిరిపోయిన రేకు ముక్కలను, ఊడిన బోల్టులను ఆ రోజే పాత సామానువాడికి అమ్మేయకండి.

తొలి రోజు ఏం చేయాలి?

వాన తెరిపివ్వగానే, ఏదీ కదపకముందే, వీధిలోంచి ఒక వీడియో తీయండి. ఇల్లు, ఎదుటి ఇల్లు, పడిపోయిన చెట్టు, కరెంటు స్తంభం అన్నీ వచ్చేలా తీయండి. వీధంతా దెబ్బతిన్నట్టు కనబడితే మీ కప్పు ఒంటరిగా పాడైందనే వాదన నిలవదు. ఆ తర్వాత దగ్గరి ఫొటోలు తీయండి. వెంటనే కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోను చేసి క్లెయిము నంబరు తీసుకోండి, అదే సంగతి ఈమెయిల్లోనో వాట్సాప్‌లోనో కూడా పంపండి. నష్టం కనబడిన నాటి నుంచి 30 రోజుల్లోపు క్లెయిము ఫారం ఇవ్వాలి.

సర్వేయరు వచ్చేదాకా ఇల్లు తడుస్తూ ఉండాలా? అక్కర్లేదు. ఉండకూడదు కూడా. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీ మీ మీద పెట్టిన బాధ్యత. టార్పాలిన్ కప్పండి, ఊగుతున్న రేకును దించండి, మంచి సామాను పక్కింట్లో పెట్టండి, టార్పాలిన్ కొన్న బిల్లు దాచండి. పూర్తి మరమ్మతు మాత్రం సర్వేయరు చూసిన తర్వాతే. మేస్త్రీ చేత అంచనా రాయించుకునేటప్పుడు మొత్తం ఒక అంకె వేయించుకుని ఊరుకోవద్దు. ఎన్ని రేకులు, ఎంత పొడవు, ఎన్ని బోల్టులు, ఎన్ని కూలీలు అని విడివిడిగా ఉండాలి.

ఆ రోజు మీ ఊళ్లో ఎంత వాన పడింది, గాలి ఎంత వేగంతో వీచింది అనే రుజువు కూడా కావాలి. మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కలు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ఉంటాయి. వాతావరణ శాఖ ప్రకటన, మరుసటి రోజు దినపత్రిక జిల్లా పేజీ కూడా పనికొస్తాయి. వీఆర్వో నష్టం నమోదు చేసుకుంటే దాని నకలు అడగండి. ప్రభుత్వ మనిషి వచ్చి, చూసి, రాసుకున్న కాగితం అది.

ఒక హెచ్చరిక. ‘పాత గదికి కూడా కలిపి రాసేద్దాం అన్నా, ఇన్సూరెన్సే కదా’ అనేవాళ్లు తగులుతారు. ఒప్పుకోవద్దు. అబద్ధపు లెక్క బయటపడితే నిజమైన నష్టానికి రావాల్సింది కూడా పోతుంది. పాలసీ ఇచ్చేది కప్పును దెబ్బతినే నాటికి ఉన్న స్థితికి తేవడానికయ్యే ఖర్చు. సిమెంటు రేకులు పోతే స్లాబు వేయించి ఇవ్వరు. మీ రేకు ఎగిరి పక్కింటి కారు మీద పడితే ఆ నష్టం మీ ఇంటి పాలసీలో రాదు. ఆ కారుకు సమగ్ర బీమా ఉంటే వాళ్లు అందులో క్లెయిము చేసుకోవాలి.

సర్వేయరు మాటే ఆఖరి మాటా?

కాదు. ఆయన ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్న స్వతంత్ర నిపుణుడే, కానీ ఆయన నివేదిక మార్చరానిదేమీ కాదని సుప్రీంకోర్టు 2009లో న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆయన వచ్చినప్పుడు మీరు పక్కనే ఉండండి. మేస్త్రీ కూడా ఉంటే మరీ మంచిది. మర్యాదగా మాట్లాడండి, అన్నీ చూపించండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ అందినట్టు సంతకం తీసుకోండి. చివరికి వచ్చిన మొత్తం తక్కువనిపిస్తే నివేదిక నకలు అడిగి, ఏ వస్తువుకు ఎంత కోశారో చూసి, వస్తువు వస్తువుకూ జవాబు రాయండి.

2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, క్లెయిము తెలిపిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. కాగితాలు లేవనే సాకుతో క్లెయిము తోసిపుచ్చకూడదు. ఇంతకుముందు ఈ గడువులు ఇంతకంటే ఎక్కువగా ఉండేవి. ఇన్ని రోజులే అని తెలిసిన మనిషి అడిగే తీరు వేరుగా ఉంటుంది. కౌంటరు దగ్గర నిలబడి ‘ఎప్పుడొస్తాయి సార్?’ అని బతిమాలే బదులు, తేదీలు వేసి ఉత్తరం రాస్తాడు.

‘పూర్తిగా, తుదిగా ముట్టింది’ అని ముందే అచ్చేసిన రసీదు ఒకటి ఇస్తారు. మొత్తం సరిపోలేదనిపిస్తే ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి సంతకం పెట్టండి. ఒత్తిడితోనో మోసంతోనో తీసుకున్న సంతకం వినియోగదారుడి హక్కును చంపదని సుప్రీంకోర్టు 1999లోనే తీర్పిచ్చింది. కానీ ఒత్తిడి ఉందని తర్వాత రుజువు చేయడం కంటే ఆ ఒక్క వాక్యం అప్పుడే రాయడం సులువు.

ఇవ్వం అన్నారనుకోండి. ఏ షరతు ప్రకారం ఇవ్వరో రాతపూర్వకంగా చెప్పాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ వారి ‘బీమా భరోసా’లో నమోదు చేయండి, 155255కు ఫోను చేసినా తీసుకుంటారు. అప్పటికీ తేలకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కార్యాలయం కిందే. 50 లక్షల లోపు వివాదాలు వింటారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. అంబుడ్స్‌మన్ ఇచ్చిన తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. మీకు నచ్చకపోతే మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ముందే కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ ఆ విషయం ముట్టరు. అందుకే అంబుడ్స్‌మన్ దారినే ముందు పట్టమంటాను. కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది.

కలంకారీ ఇళ్ల కథ వేరు

ఈ ఊళ్లో ఇల్లంటే పడుకునే చోటు మాత్రమే కాని కుటుంబాలు చాలా ఉన్నాయి. ముందు గదిలో కలం పట్టి బట్ట మీద బొమ్మ వేస్తారు. మధ్య గదిలో కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరిన బట్టలు మడతపెట్టి ఉంటాయి. ఒక చీర మీద వారాల పని ఉంటుంది. సగం రంగులు పడిన ఆ బట్ట మీద కప్పు నుంచి మురికినీళ్లు పడితే, ఆ పని అంతా పోయినట్టే. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ బట్ట ఉన్న గది కప్పుకు మాత్రం రక్షణ లేదు.

ఇంటి పాలసీలో ‘ఇంటి సామాను’ అంటే ఇంట్లో వాడుకునేవే. అమ్మకానికి తయారైన చీరలు, తాన్లు, రంగులు వ్యాపార సరుకు, అవి అందులోకి రావు. వాటికి అదే 2021లో తెచ్చిన మరో ప్రామాణిక పాలసీ ఉంది, ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’. ఒక చోట ఉన్న ఆస్తి 5 కోట్ల లోపున్న చిన్న వ్యాపారాలకు అది. కలంకారీ పనివాళ్ల సంఘాలు, సొసైటీలు కలిసి ఏజెంటును పిలిపించి, ఇల్లూ సరుకూ విడివిడిగా బీమా చేయించుకుంటే ఎంతో మేలు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు కూడా సామాను వరకు పాలసీ తీసుకోవచ్చు. కప్పు యజమానిది, కానీ కింద తడిసేది అద్దెకున్నవాళ్ల బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు.

డాలస్‌లో తలుపు తడతారు

మన జిల్లా పిల్లలు చాలామంది అమెరికాలో స్థిరపడ్డారు. డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో ఇల్లు కొనుక్కున్నవాళ్లను అడగండి. వసంతంలో వడగళ్ల వాన పడిన మరునాడు కప్పులు వేసే కాంట్రాక్టర్లు ఇంటింటికీ తిరిగి తలుపు తడతారు. ‘మీ కప్పు దెబ్బతింది, బీమాతో కొత్తది వేయిస్తాం’ అంటారు. అక్కడ గాలికి, వడగళ్లకు బీమా మొత్తంలో ఒకటో రెండో శాతం ఇంటి యజమానే భరించాలి. 4 లక్షల డాలర్ల ఇంటికి ఒక శాతం అంటే 4 వేల డాలర్లు. ఆ వాటాను మాఫీ చేస్తామని చెప్పి, బిల్లు పెంచి రాసే కాంట్రాక్టర్లు పెరిగిపోతే, టెక్సస్ రాష్ట్రం 2019 సెప్టెంబరు 1 నుంచి దాన్ని నేరం చేసింది.

అక్కడ మితిమీరిన ఆశతో వచ్చే ఇబ్బంది. ఇక్కడ అసలు అడగకపోవడంతో వచ్చే నష్టం. నా మటుకు నాకు, రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. మాండూస్ తర్వాతనో మిచౌంగ్ తర్వాతనో పాలసీ ఉండి కూడా అప్పుచేసి కప్పు వేయించుకున్న ప్రతి ఇంటిలోనూ, న్యాయంగా రావాల్సిన డబ్బు కంపెనీ దగ్గరే మిగిలిపోయింది. ఎవరూ కాదనలేదు. ఎవరూ అడగలేదు.

ప్రభుత్వం తలుచుకుంటే దీన్ని మార్చగలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలు విజయవాడను ముంచినప్పుడు బీమా క్లెయిముల కోసం సబ్‌కలెక్టరు కార్యాలయంలో ప్రత్యేక సహాయ కేంద్రం తెరిచారు. కంపెనీల ప్రతినిధులను అక్కడే కూర్చోబెట్టారు. వచ్చినవాటిలో వాహనాల క్లెయిములే ఎక్కువ. ఆ కేంద్రం నడిచిన తీరు మాత్రం ఇళ్లకూ పనికొస్తుంది.

2022లో కొత్త జిల్లాతో పాటు శ్రీకాళహస్తికి సొంత ఆర్డీఓ కార్యాలయం వచ్చింది. తుపాను హెచ్చరిక రాగానే అక్కడ వరద కంట్రోల్ రూమ్ పెడతారు. దాని పక్కనే మరో బల్ల వేసి, పట్టణంలోని బ్యాంకుల నుంచి ఒక్కొక్కరిని, బీమా కంపెనీల నుంచి ఒక్కొక్కరిని కూర్చోబెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. నష్టం రాసుకోవడానికి ఇంటికొచ్చిన వీఆర్వో తన ఫారంలో ఒక్క ప్రశ్న కలిపితే చాలు: ‘ఈ ఇంటికి బ్యాంకు లోను ఉందా?’ ఉందంటే ఆ పేరు ఆ బల్ల దగ్గరికి వెళ్లాలి. బ్యాంకు తన ఫైలు తీసి పాలసీ బతికే ఉందో లేదో ఆ సాయంత్రానికే చెప్పాలి. కంపెనీ మనిషి అక్కడే క్లెయిము నంబరు ఇవ్వాలి. అక్టోబరు వానలకు ముందే కలెక్టరు ఈ ఏర్పాటు మీద ఒక ఉత్తర్వు ఇవ్వాలని ఈ ఊరి తరఫున అడుగుతున్నాం.